ఏ వైపు తిప్పినా శంఖాన్నే

నేను ఒక శంఖాన్ని. ఆ మాట వినగానే కళ్లు మూసుకుని దండం పెట్టేసేవాళ్లు మీలో ఉంటే కాస్త ఆగండి. నా సంగతి పూర్తిగా విన్నాక ఆ చేతులు అలాగే జోడించి ఉంచుతారో, ఛీ అని దులుపుకుని లోపలికెళ్లి స్నానం చేస్తారో నాకు తెలియదు. నేను రెండూ చూశాను. రెంటికీ నా ఒంటి మీద ఒక్క గీత కూడా అదనంగా పడలేదు.

మొదట్లో నేనొక నత్త కట్టుకున్న ఇల్లు. రామేశ్వరం అవతల సముద్రంలో, ఇసుకలో సగం కూరుకుని, ఆ మెత్తటి ప్రాణి తన ఒంట్లో ఊరిన సున్నంతో నన్ను చుట్టు మీద చుట్టు వేసి కట్టుకుంది. పైన గోధుమరంగు తోలు కప్పింది. మీరు పటాల్లో చూసే పాలనురుగు తెలుపు నాకు పుట్టుకతో లేదు. నన్ను అప్పుడు చూసి ఉంటే ఎండిన కొబ్బరికాయ అనుకుని కాలితో తన్నేవారు.

మునిగి ఏరే మనుషులు ఒకరోజు నన్ను పైకి తెచ్చారు. లోపలున్న ప్రాణిని ఏం చేశారో చెప్పను, మీరు భోజనం ముందు కూర్చుని ఉంటారేమో. ఒడ్డున నా తోలు గీకారు, కడిగారు, రుద్దారు, అంగట్లో వరసలో కూర్చోబెట్టారు. అంతే, దేవుడి సామానునైపోయాను. నిన్నటిదాకా బురదలో పురుగుల్ని ఏరుకు తిన్నదాని కొంప ఇవాళ విష్ణుమూర్తి చేతి అలంకారం! మనుషుల దగ్గర హోదా ఇంత సులువుగా దొరుకుతుందని నాకప్పుడే తెలిసింది. ఊడటం కూడా అంతే సులువని తర్వాత తెలిసింది.

ఆ అంగడికి విజయనగరం వైపు నుంచి తీర్థయాత్రకు వచ్చాడు దాసరి సింగన్న. ఊరు గెడ్డవలస. అందరూ తెల్లగా ఉన్న శంఖాల మీద పడుతుంటే, అతను ఒక్కొక్కదాన్నీ చేత్తో తూచి చూశాడు. గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పగులుంటే ఆ మోత చచ్చుగా ఉంటుంది. పెదవి అంచు వెంట వేలు నడిపించాడు, పురుగు తొలిచిన రంధ్రాలున్నాయేమోనని వెలుతురుకు పెట్టి చూశాడు. నేను తెల్లగానూ లేను, నున్నగానూ లేను. బరువుగా ఉన్నాను. అందుకే నన్ను తీసుకున్నాడు.

ఇంటికి తెచ్చి నా కొన కోశాడు. కొన ఉన్న శంఖంలో నీళ్లు పోసి అభిషేకం చేస్తారు. కొన తెగిన శంఖం పలుకుతుంది. గుమ్మడికాయంత అందం పెట్టుకుని గుక్కెడు నీళ్లు మోస్తూ బతకడం కన్నా, తల తెగినా సరే గొంతు ఉండటమే నాకిష్టం. సింగన్న మొదటిసారి ఊదినప్పుడు ఊరి పక్క గెడ్డ వాగు అవతల ఉన్న కొంగలు లేచిపోయాయి. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

సింగన్న పని గుళ్లో కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా పాడె ముందు నడుస్తూ శంఖం ఊదడం, కంచు సేగండి గంట కొట్టడం దాసర్ల పని. చచ్చినవాడికి వైకుంఠానికి దారి చూపించేది మేమేనట. దారి చూపించేవాళ్లకు ఊరు ఇచ్చిన మర్యాద చూడండి. మేం వీధిలో నడుస్తుంటే తలుపులు మూసుకునేవారు. పెళ్లికి వెళ్లేవాళ్లకు ఎదురైతే తిట్టి వెనక్కి తిరిగేవారు. నన్ను ఇంట్లో పెట్టకూడదని సింగన్న భార్య కూడా బయట చూరు వాసానికి కట్టిన తాడుకే వేలాడదీసేది. నేను ఒక్కనాడూ చిన్నబుచ్చుకోలేదు. తిట్టినవాడు, తలుపు మూసినవాడు, మొహం తిప్పుకున్నవాడు, ఏదో ఒకరోజు అందరూ మా వెనకే వచ్చారు. నన్ను దాటి ముందుకు పోయినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు.

నన్ను చూసుకున్నది మాత్రం సింగన్న కూతురు వరహాలు. శ్మశానం నుంచి రాగానే నన్ను మంచినీళ్లలో ముంచి, మెత్తటి పీచుతో రుద్ది, నీడలో ఆరబెట్టి, కొబ్బరినూనె చుక్క గుడ్డకు రాసి తుడిచేది. ఎండలో పెడితే శంఖం పొడిబారి పెళుసెక్కుతుందని ఆమెకు తండ్రి చెప్పాడు. కడిగాక లోపల చుట్లలో నీరు నిలవకూడదు, కాబట్టి ఊదాలి. ఆ వంకతో పిల్ల నన్ను ఊదేది. నీళ్లు ఎప్పుడో పోయేవి, ఊదడం మాత్రం ఆగేది కాదు. ఆడపిల్ల శంఖం ఊదకూడదని తల్లి కసిరేది. మంచం మీద పడుకున్న సింగన్న అటు తిరిగి, "నీరింకా పోలేదేటో లేయే, వొగ్గీ దాన్ని," అనేవాడు. అతని మూతి మీద నవ్వు నాకు కనిపించేది.

వరహాలుకు పక్క వీధిలోనే పెళ్లైంది. తల్లి పోయింది. అన్న గురువులుకు కరెంటాఫీసులో కాంట్రాక్టు పని దొరికింది. స్తంభాలెక్కే పని. అతనికి నేనంటే పడేది కాదు. తోటివాళ్లు అతణ్ణి "సావు శంకోడి కొడుకు" అని పిలిచేవారట. నా మీద కోపం అలా మొదలైంది. అతని బాధ నాకు అర్థమైంది, కానీ పిలిచినవాళ్లను వదిలేసి నా మీద పళ్లు నూరడం ఏం న్యాయమో అర్థం కాలేదు.

ఒక చలికాలం సింగన్నకు పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకు లాగేసింది. నన్ను పట్టుకుని ఊదబోయాడు. గాలి పెదవి సందులోంచి పక్కకు పోయింది. మళ్లీ ఊదాడు. నేను పలకలేదు. ఎన్ని చావులు చూసినా చెక్కుచెదరని మనిషి ఆ వేళ వెక్కి వెక్కి ఏడ్చాడు. అప్పటికే చావు బండ్లకు మైకులు బిగించి, అందులో శంఖం రికార్డు వేస్తున్నారు. సింగన్నకు ఆ డబ్బా మోత వింటే ఒళ్లు మండేది. కూతుర్ని పిలిచి, ముద్దముద్దగానే అయినా స్పష్టంగా చెప్పాడు.

"గుంటా, నా పాడె ముందల ఈ శంకే పలకాల. ఆ డబ్బా మోతకి నానెల్లను."

"అలాగే అయ్యా," అంది వరహాలు.

ఆ మాట ఇచ్చిన కొన్నాళ్లకే నేను ఆ ఇంట్లోంచి మాయమయ్యాను.

విశాఖపట్నంలో జోగారావు గారని కరెంటాఫీసు ఇంజనీరు ఒకాయన ఉండేవారు. శంఖాలంటే పిచ్చి. ఆయన అద్దాల బీరువాలో గవ్వంత చిన్నవి మొదలుకుని బుట్టంత పెద్దవి దాకా ఉన్నాయి. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, దక్షిణావర్త శంఖం. అది ఇంట్లో ఉంటే లక్ష్మి గడప దాటదని నమ్మకం. గెడ్డవలస ట్రాన్స్‌ఫార్మర్ చూడ్డానికి ఆయన వచ్చినప్పుడు, ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవాలన్న ఆశతో గురువులు నన్ను తాడు విప్పి తీసుకెళ్లి చూపించాడు.

"మా ఇంట్లో పాత శంకొకటున్నాది సార్. మీకు పనికొస్తాదేమో సూడండి."

జోగారావు గారు నా కొన పైకి వచ్చేలా పట్టుకున్నారు. నా నోరు ఆయనకు కుడివైపు కనిపించింది. "ఒరేయ్, దక్షిణావర్తం రా ఇది!" అని జీపు దగ్గరే చెప్పులు విప్పేశారు.

అయ్యా జోగారావు గారూ, మీ చదువుకు దండం. కొన పైకి పెడితే లోకంలో ఉన్న శంఖాలు ఇంచుమించు అన్నిటికీ నోరు కుడివైపే ఉంటుంది. నన్ను తలకిందులు చేసి చూడండి, ఎడమకు పోతుంది. కొన కిందికి ఉంచి చూసినప్పుడు కుడికి తెరుచుకునేదే దక్షిణావర్తం. అది లక్షల్లో ఒకటి. నేను ఆ లక్షల్లో మిగిలినదాన్ని, అందుకు నాకేమీ విచారం లేదు. ఆయన చదివిన చిన్న పుస్తకంలో కుడి అని రాశారు గానీ కొన ఎటుండాలో రాయలేదు. గురువులుకు ఇదేమీ తెలియదు. సారు మొహంలో సంతోషం చూసి, నేను ఎక్కడెక్కడ పలికానో చెప్పకుండా ఊరుకున్నాడు. చెల్లెలితో మాత్రం శంఖాన్ని ఎవరో ఎత్తుకుపోయారని చెప్పి, తండ్రికి తెలియకూడదని బీచిలో కొన్న కొత్త శంఖాన్నొకటి అదే తాడుకు కట్టాడు.

అలా నేను మహాలక్ష్మి తోబుట్టువునయ్యాను. ముందు జోగారావు గారు నాకు మెరుపు తేవాలని బాత్రూమ్ కడిగే యాసిడ్‌లో ముంచారు. సున్నంతో పుట్టినదాన్ని, యాసిడ్ తగిలితే ఏమవుతాను? బుసబుస నురగ కక్కాను. పై పొర కరిగి, సుద్దముక్కలా తెల్లబడ్డాను. ఆయన ఆ తెలుపు చూసి మురిసిపోయారు. తర్వాత, కొన తెగిన శంఖం పూజకు పనికిరాదని ఎవరో చెబితే, నా ఊదే రంధ్రంలో లక్క కరిగించి పోసి మూసేసి, పైన ఇత్తడి టోపీ అతికించారు. పీట మీద పట్టుగుడ్డ, పట్టుగుడ్డ మీద నేను. రోజూ నాలో నీళ్లు పోసి, తులసి వేసి, ఆ తీర్థం ఇంటిల్లిపాదీ పుచ్చుకునేవారు. ప్రమోషన్ వచ్చింది, నా మహిమే. అబ్బాయికి సంబంధం కుదిరింది, నా మహిమే. ఆయన భార్య మోకాళ్ల నొప్పులు మాత్రం ఆవిడ ప్రారబ్ధం. నేను గొంతులో లక్క ముద్దతో, ఒక్క మాట అనలేక, వాళ్ల స్తోత్రాలు వింటూ కూర్చున్నాను. చూరుకు వేలాడిన రోజుల్లో నన్నెవరూ ఇంత అవమానించలేదు.

సంవత్సరాలు అలా గడుస్తుండగా ఒక ఉదయం గేటు దగ్గర వరహాలు గొంతు వినిపించింది. పీట మీద ఉలిక్కిపడ్డాను.

"నువ్వెవరమ్మా?" అన్నారు జోగారావు గారు, పూజ మధ్యలో లేచి వెళ్లి.

"గురువులు సెల్లిని బాబూ. గెడ్డవలస దాసరి సింగన్న కూతుర్ని. మా అయ్య తెల్లారగట్ల సచ్చిపోనాడు. మా శంకు మీకాడున్నాదని అన్న ఇప్పుడు సెప్పినాడు. ఇచ్చీండి బాబూ, పొద్దు గూకేలోగా ఎత్తాల."

"శంఖమా? అది మీ అన్న ఇచ్చాడు నాకు. అయినా అది దక్షిణావర్తమమ్మా. అలాంటిదాన్ని గడప దాటించకూడదు. నా దగ్గర బోలెడున్నాయి, మంచిది చూసి ఇంకోటి పట్టుకెళ్లు."

"ఇంకోటొద్దు బాబూ. మా అయ్య సావులకాడ ఊదింది అదే."

"చావుల దగ్గరా?"

"మరేటి? నా సిన్నప్పట్నించి సుట్టుపక్కల ఏ పాడె లేసినా ముందల పలికింది అదే కదా."

జోగారావు గారి భార్య సుభద్రమ్మ గారు నా పక్కనే, ఉద్ధరిణె చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఏమండీ, అంటే ఇన్నాళ్లూ మనం తీర్థం పుచ్చుకుంది..." అని ఆపేశారు. జోగారావు గారు గుమ్మంలోకి వెనక్కి వచ్చి చేతులు పంచెకు తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు. నా గొంతులో లక్క లేకపోతే ఆ నిమిషాన వీధి చివరిదాకా వినపడేలా నవ్వేదాన్ని.

ఇక అసలు చిక్కు అప్పుడొచ్చింది. నన్ను ఇచ్చేయాలని ఆయనకూ తొందరగానే ఉంది. కానీ చావింటి నుంచి వచ్చిన పిల్ల పూజగదిలోకి రాకూడదు. చావు శంఖాన్ని మడిలో ఉన్న ఆయన ముట్టుకోకూడదు. పనిమనిషి ఆ రోజు రాలేదు. ఆయన ఒకసారి నా వైపు, ఒకసారి గేటు వైపు చూస్తూ, పట్టకారుతో తీస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారు.

సుభద్రమ్మ గారు ఉద్ధరిణె కింద పెట్టి నన్ను రెండు చేతులతో ఎత్తుకున్నారు.

"ఇన్నాళ్లూ నోట్లో పోసుకున్నాం. ఇప్పుడు చేత్తో ముట్టుకుంటే ఏం పోయిందండీ? పాపం ఆ పిల్ల తండ్రి పోయి నిలబడి ఉంది," అని గేటు దాకా నడిచి నన్ను వరహాలు చేతుల్లో పెట్టారు. "ఏమైనా తిన్నావా అమ్మా?" అని కూడా అడిగారు. ఆ ఇంట్లో సింగన్న చచ్చిపోయాడన్న మాట చెవిన పడింది ఆవిడ ఒక్కరికే. నాకు పట్టుగుడ్డ మీద చోటు ఇచ్చినందుకు కాదు, ఆ ఒక్క మాట అడిగినందుకు ఆ ఇంటిని క్షమించాను.

వరహాలు నన్ను తడిమి చూసింది. టోపీ పట్టుకుని లాగింది, రాలేదు. బస్సు దిగి ఆటో కోసం నిలబడ్డ చోట టీకొట్టు ఉంటే, ఆవిరి కక్కుతున్న కెటిలు మూతి దగ్గర నన్ను పెట్టనివ్వమని అడిగింది. టీకొట్టామె వింతగా చూసింది.

"దీనికీ బిరడా ఏటమ్మా?"

"నోరు మూసీసినారు వదినా. మా అయ్యకి దీని సంగతి సెప్పనేదు. కొత్తదాన్ని దూరంనుంచి సూపించి ఇదే అయ్యా అన్నాను. ఓపాలి ఊదే, ఇంటానంటే, రేపూదుతాననీదాన్ని. రేపు రేపంటూనే ఎల్లిపోనాడు," అని అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా అక్కడ ఏడ్చింది.

టీకొట్టామె కెటిలు కింద మంట పెంచింది. ఒక్కసారిగా సెగ తగిలితే నేను పగులుతానని వరహాలు నన్ను దూరంనుంచి కొంచెం కొంచెంగా దగ్గరకు జరిపింది. లక్క మెత్తబడింది. టోపీ ఊడింది. జడపిన్నుతో ముద్దంతా గీకి తీసింది. గాలి నా చుట్లన్నీ తిరిగి బయటికొచ్చింది. ఆమె పెదవి ఆనించి ఊదింది. యాసిడ్ తిన్న ఒళ్లు కదా, బొంగురుగా పలికాను. అయినా పలికాను. బల్లల మీద టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు వదిలేసి లేచి నిలబడి, ఎవరి పాడె వస్తోందా అని రోడ్డు వైపు చూశారు.

ఊళ్లోకి వచ్చేసరికి గురువులు పిలిపించిన చావు బండి వాకిట్లో ఉంది. మైకులో శంఖం మోగుతోంది, ఊపిరి తీసుకోకుండా, ఎవడో పీక పట్టుకున్నట్టు. పాడె కట్టేశారు. వరహాలు ఆటో దిగి అక్కడే నన్ను ఊదింది. రికార్డు కన్నా నా గొంతు పెద్దదేమీ కాదు. కానీ బండి డ్రైవరు ఒకసారి ఆమె మొహం చూసి తనంతట తనే మైకు కట్టేశాడు.

"శంకు ఏ మొగోడికైనా ఇయ్యే," అన్నాడు ఊరి పెద్ద జగ్గునాయుడు.

"ఎవుడికి ఊదడమొచ్చో రమ్మను మావా, ఇస్తాను," అంది వరహాలు. ఎవరూ రాలేదు. గురువులు తల వంచుకుని నిప్పుకుండ ఎత్తుకున్నాడు. ఆమె ముందు నిలబడింది. పాడె లేచింది.

ఊరి చివర దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాడి చెవిలో పేరు పెట్టి పిలిచి, ప్రాణమేమైనా తిరిగి వస్తుందేమోనని చూసే చోటు అది. గురువులు మోకాళ్ల మీద కూర్చుని తండ్రి చెవిలో "అయ్యా" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి, "అయ్యా, నానే ఇచ్చీసినానయ్యా," అని నేల మీద పడి ఏడ్చాడు. సింగన్న కదల్లేదు. ఎందరినో ఆ చోటు దాటించినవాడు, తనకు మాత్రం మినహాయింపు ఎందుకు అడుగుతాడు?

"ఆడోళ్లింక ఎనక్కి మళ్లండి," అన్నాడు జగ్గునాయుడు. అక్కడి నుంచి ముందుకు ఆడవాళ్లు రాకూడదు. అందరూ తిరిగారు. వరహాలు తిరగలేదు.

"నీకే సెప్తన్నాను గుంటా. శంకు కింద పెట్టీసి ఎల్లు. అక్కడికి ఆడది రాకూడదు."

"మా అయ్య మీ అయ్యని సగం దారిలో వొగ్గీసినాడా మావా?" అంది వరహాలు. "వొల్లకాటి దాకా ఊదుకుంటానే ఎల్లినాడు. నానూ ఎల్తాను."

ఆమె అతని జవాబు కోసం ఆగలేదు. శ్మశానం వైపు తిరిగి, రొమ్ము నిండా గాలి పీల్చి ఊదింది. నేను నా ఒంట్లో మిగిలిన సున్నమంతా మోగేలా పలికాను. ఊదుతూనే ఆమె నడక మొదలుపెట్టింది.

దింపిన పాడె ముందు శంఖం పలికాక పాడె నేల మీద ఉండకూడదు. అది ఊళ్లోవాళ్ల తాతలు పెట్టిన కట్టుబాటే, మేం పెట్టింది కాదు. మోసేవాళ్లు జగ్గునాయుడి మొహం చూశారు. జగ్గునాయుడు నేల చూశాడు. ముందు గురువులు లేచాడు. నిప్పుకుండ పక్కవాడికిచ్చి, తనే వంగి పాడె కొమ్ము భుజానికెత్తుకున్నాడు. ఆ తర్వాత మిగతావాళ్లూ వంగారు.

వరహాలు వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరైనా వస్తున్నారో లేదో ఆమెకు తెలియదు. గెడ్డ దాటాక ఊపిరి కోసం ఒక్క క్షణం నన్ను పెదవుల నుంచి తీసింది. అప్పుడు వినిపించాయి, మా వెనక గులకరాళ్ల మీద బరువు మోస్తున్న కాళ్ల చప్పుళ్లు. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ ఊదింది.